మోడ్‌ను చేత్తోనే వెయ్యనివ్వండి

కంప్యూటర్ గేమ్‌కు మోడ్ కావాలంటే దానికో మేనేజర్ సాఫ్ట్‌వేర్ ఉంది, బటన్ నొక్కితే అదే దించుకుంటుంది, అదే సర్దేస్తుంది, ఈ కాలంలో కూడా ఫోల్డర్లు తెరిచి ఫైళ్లు మోసుకొచ్చి పడెయ్యడం తెలివిమాలిన పని, పైగా ప్రమాదం. గేముల గురించి కాస్తో కూస్తో తెలిసినవాళ్లందరూ అనే మాట ఇది. విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతూ సెలవులకు కొండెక్కి వచ్చే కుర్రాళ్లు మా జి.మాడుగుల పిల్లలకు చెప్పేదీ ఇదే. గేముల సంగతి తెలియని పెద్దల మాట వేరేగా ఉంటుంది. ఆటలే దండగ, వాటి ఫైళ్లు కెలకడం ఇంకా దండగ, ఉన్న ఒక్క కంప్యూటరూ మూలపడుతుంది, వాడికి ఎంఎస్ ఆఫీస్ నేర్పిస్తే రేపు ఎక్కడో ఒకచోట డేటా ఎంట్రీ చేసుకుని బతుకుతాడు అంటారు.

ఈ రెండు వాదాలూ ఒకదానికొకటి ఎదురు నిలబడ్డట్టు కనిపిస్తాయి గానీ రెండూ కోరేది ఒకటే. పిల్లాడు తెర ముందే ఉండాలి, వెనక్కి పోకూడదు. బటన్ నొక్కడం వరకే వాడి పని. నేను దీన్ని ఒప్పుకోను. కంప్యూటర్ అంటే ఏమిటో మా కొండల్లో పిల్లలు నేర్చుకోవడానికి ఇప్పుడున్న దారుల్లో మోడ్‌ను చేత్తో వెయ్యడాన్ని మించినది నాకు కనిపించలేదు. ఉన్న ఆ ఒక్క దారినీ మంచి చెబుతున్నామనుకుని మూసేస్తున్నారు.

ముందు మోడ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక కంపెనీ తయారు చేసి అమ్మిన గేమ్‌ను ఆడేవాళ్లే మార్చుకోవడం. పాత జెర్సీలు తీసి కొత్తవి తొడగడం, లేని ఊరిని కట్టడం, బండి బరువు మార్చడం, ఒక్కోసారి పూర్తిగా వేరే ఆటగా తయారు చెయ్యడం. 1993లో డూమ్ వచ్చినప్పుడు దాన్ని రాసిన జాన్ కార్మాక్, గేమ్ నడిపే ప్రోగ్రామును ఒకచోట, బొమ్మలూ శబ్దాలూ మ్యాపులూ వ్యాడ్ అనే ఫైళ్లలో మరోచోట పెట్టాడు. ప్రోగ్రామ్ జోలికి పోకుండానే ఎవరైనా తమ మ్యాపు తాము తయారు చేసుకోవడానికి దారి దొరికింది. ఈ రోజుల్లో మా సంత దగ్గర టీ బడ్డీ ముందు నలుగురు కుర్రాళ్లు ఫోన్లు అడ్డంగా పట్టుకుని ఆడే బీజీఎంఐ ఎక్కడిది? 2020 సెప్టెంబర్‌లో మన దేశం నిషేధిస్తే, 2021లో పేరు మార్చుకుని తిరిగొచ్చిన ఆ పబ్జీకి మూలం ఒక మోడ్. చెక్ దేశపు కంపెనీ చేసిన ఆర్మా 2 అనే సైనికుల గేమ్‌కు 2012లో డీన్ హాల్ డేజ్ అనే మోడ్ చేశాడు. ఆ డేజ్ మీద 2013లో బ్రెండన్ గ్రీన్ బ్యాటిల్ రాయల్ మోడ్ చేశాడు. అందరూ ఒకచోట దిగి చివరికి ఒక్కరే మిగిలే పద్ధతి పబ్జీకి అక్కడి నుంచే వచ్చింది. కౌంటర్ స్ట్రైక్ కూడా అంతే, 1999లో హాఫ్ లైఫ్‌కు ఇద్దరు కుర్రాళ్లు చేసిన మోడ్. డేజ్ మొదటి రోజుల్లో దాన్ని వేసుకోవడమంటే ఫైళ్లు దించుకుని ఆర్మా ఫోల్డర్‌లో ఎవరికి వారు పెట్టుకోవడమే. అలా పెట్టుకున్నవాళ్లలోంచే తర్వాతి మోడ్ చేసినవాళ్లు వచ్చారు.

ఇక్కడ ఒక గందరగోళం తేల్చాలి. ఫోన్లు మాత్రమే తెలిసిన చోట మోడ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది మోడ్ ఏపీకే. లెక్కలేనన్ని కాయిన్లు, అన్ని తుపాకులూ తెరిచి ఉంచిన దొంగ యాప్. పెద్దవాళ్ల భయంలో సగం దీనివల్లే, ఆ భయం న్యాయమైనదే. ఎవరో ఒకడు అసలు యాప్‌ను విప్పి, తనకు నచ్చింది లోపల కుక్కి, తన సంతకంతో మళ్లీ మూటకట్టి వదులుతాడు. లోపల ఏముందో మనకు కనిపించదు. వేసుకునేటప్పుడు ఫోన్ అడిగిన అనుమతులన్నిటికీ ఊఁ కొట్టడమే. నేను మాట్లాడుతున్నది దానికి పూర్తిగా ఎదురు పని. కంప్యూటర్‌లో మోడ్ జిప్ ఫైల్‌గా వస్తుంది. విప్పితే ఏ ఫైలు ఏమిటో, ఎంత సైజో, ఏ తేదీదో అన్నీ కంటి ముందు పరుచుకుంటాయి. జెర్సీలు మార్చే ప్యాచ్ అని తెచ్చిన జిప్‌లో ప్రోగ్రామును నడిపే ఈఎక్స్ఈ ఫైలు కనిపిస్తే ఇదిక్కడ ఎందుకుంది అని అడగొచ్చు. ఆ ప్రశ్న పుట్టడమే రక్షణకు మొదలు. మోడ్ ఏపీకేకీ బటన్ నొక్కే మేనేజర్‌కీ ఈ ఒక్క విషయంలో పోలిక ఉంది, రెండిటిలోనూ ఆ ప్రశ్న పుట్టే చోటే ఉండదు.

ఇక అసలు పని ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. తెలుగు ఊళ్లలో మోడ్ అంటే మొదట చెప్పుకోవలసింది ఈఏ క్రికెట్ 07. 2006 చివర్లో వచ్చింది. ఆ తర్వాత ఆ కంపెనీ క్రికెట్ గేమ్ చెయ్యడమే మానుకుంది. ఐపీఎల్ మొదలైంది 2008లో. అంటే ఐపీఎల్ పుట్టకముందే ఆగిపోయిన గేమ్‌లో మన పిల్లలు ఐపీఎల్ ఆడుతున్నారు. జట్లూ జెర్సీలూ స్టేడియాలూ బ్యాట్ల మీది స్టిక్కర్లూ అన్నీ అభిమానులు చేసిన ప్యాచ్‌లే. అవి నెట్ సెంటర్ల నుంచి పెన్‌డ్రైవ్‌లలో ఊరూరా తిరిగాయి. పాత కంప్యూటర్లో కూడా ఇది నడుస్తుంది కాబట్టి మా వైపు ఇంకా బతికే ఉంది.

ఎనిమిదో తరగతి పిల్లాడొకడు సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లో ఈ ప్యాచ్ వెయ్యడం దగ్గర కూర్చుని చూశాను. జిప్ విప్పాడు, వచ్చిన ఫోల్డర్‌ను కాపీ చేసి గేమ్ ఫోల్డర్‌లో పెట్టాడు, గేమ్ తెరిచాడు. అవే పాత జెర్సీలు.

"అన్నియ్యా, కిట్లు మారనేదు."

పక్కనున్న పదో తరగతి అన్న తెర వైపు చూడకుండానే అడిగాడు. "ఎక్కడ ఏసినావు?"

"గేమ్ ఫోల్డర్లోనే కదేటి."

"తెరువ్ చూద్దాం."

తెరిస్తే, గేమ్ ఫైళ్ల మధ్యలో ప్యాచ్ పేరుతో ఒక ఫోల్డర్ కూర్చుని ఉంది. దాన్ని తెరిస్తే అదే పేరుతో ఇంకొకటి. దాని లోపల ఉన్నాయి అసలు ఫైళ్లు. గేమ్ వాటిని వెతికే చోటు పైన, అవి ఉన్నది రెండంతస్తుల కింద. ఈ ఒక్క పొరపాటు ప్రపంచంలో మోడ్ వేసిన ప్రతివాడూ చేసి ఉంటాడు. అన్న ఏమీ వివరించలేదు, లోపలి ఫైళ్లన్నీ ఎంచుకుని కట్ చేసి పైకి తెచ్చి పెట్టమన్నాడు. అయితే దానికి ముందు పాత ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేయించాడు. "ఇరిగిపోతే మళ్లీ ఎట్టేసుకోవాలి కదా" అన్నాడు. రీప్లేస్ చెయ్యాలా అని విండోస్ అడిగింది. చిన్నవాడు అవును అన్నాడు. జెర్సీలు మారాయి.

ఆ కాసేపట్లో వాడికి అందినవి చూడండి. ఫోల్డర్ లోపల ఫోల్డర్ ఉంటుందని, ఒక ఫైలు ఫలానా చోట ఉంటేనే ప్రోగ్రామ్‌కు దొరుకుతుందని, పేరు ఒకటే అయితే కొత్తది పాతదాన్ని మింగేస్తుందని, మింగకముందే బ్యాకప్ తీసుకోవాలని. పాఠ్యపుస్తకంలో ఈ నాలుగు విషయాలకూ బొమ్మలతో సహా పేజీలుంటాయి. పరీక్ష అయ్యాక ఒక్కటీ గుర్తుండదు. ఇక్కడ గుర్తుంటుంది, ఎందుకంటే జెర్సీ మారకపోవడం వాడికి బాధ కలిగించింది.

ఇంకాస్త లోపలికి పోతే ఇంకా ఉంది. అదే క్రికెట్ 07లో జట్ల సభ్యుల పట్టిక, దాన్ని రోస్టర్ అంటారు, గేమ్ ఫోల్డర్‌లో ఉండదు. డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతో ఉన్న వేరే ఫోల్డర్‌లో పెట్టి, గేమ్ లోపలికి వెళ్లి లోడ్ చెయ్యాలి. ప్రోగ్రామ్ ఒకచోట, మనిషి దాచుకున్న సమాచారం మరోచోట ఉంటాయన్న పెద్ద విషయం అక్కడ తెలుస్తుంది. పాత గేమ్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వేసి మార్చబోతే విండోస్ అనుమతి లేదంటుంది. ఒక్కోసారి ఆ పాత గేమ్ అక్కడ రాయబోయిన ఫైలును చడీచప్పుడు లేకుండా వర్చువల్ స్టోర్ అనే మరో మూలకు పంపేస్తుంది. మార్చింది ఒకటి, నడిచేది మరొకటి. ఎందుకిలా అని తవ్వుకుంటూ పోయినవాడికి అడ్మినిస్ట్రేటర్ అంటే ఎవరో, అనుమతులు ఎందుకున్నాయో అర్థమవుతుంది. గేమ్‌ను వేరే డ్రైవ్‌లో వేసుకోమని పిల్లలు ఒకరికొకరు చెప్పుకునే చిట్కా వెనక ఉన్నది ఈ కారణమే.

జీటీఏ వైస్ సిటీ సంగతి తీసుకోండి. అందులో హ్యాండ్లింగ్ అనే ఒక ఫైలుంది. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఒక్కో బండికి ఒక్కో వరస, వరసలో పేరు తర్వాత మొదటి అంకె ఆ బండి బరువు, కిలోల్లో. ఆ తర్వాత కొలతలు, పట్టు, బ్రేకులు. కారు బరువు పదింతలు చేసి నడిపి చూసిన పిల్లాడు, గుద్దుకున్నప్పుడు ఏ బండి ఎగిరిపడుతుందో తన కళ్లతో చూస్తాడు. సైన్సు మాస్టారు ద్రవ్యవేగం గురించి చెప్పినప్పుడు వాడికి ఆ కారు గుర్తొస్తుంది. అదే గేమ్ ఫోల్డర్‌లో ఎంపీ3 అని మరో ఫోల్డరుంది. అందులో మనకిష్టమైన పాటలు పెడితే కారు రేడియోలో అవే మోగుతాయి. మయామీ లాంటి ఆ నగరపు రోడ్ల మీద థింసా పాట పెట్టుకుని తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు మొదటి వాదానికి వస్తాను. మేనేజర్ ఉంటే క్షేమం, చేత్తో వేస్తే వైరస్ అంటారు. ఈ నమ్మకం ఎంత బలంగా ఉందో అంత ఆధారం లేనిది. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లను ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్ పట్టుకుంది. అది ఏ చీకటి సైటు నుంచో రాలేదు. లక్షలమంది నమ్మి వాడే కర్స్‌ఫోర్జ్ అనే మోడ్ భాండాగారంలో కొందరు రచయితల ఖాతాలు దొంగల చేతికి చిక్కితే, ఆ ఖాతాల నుంచే పేరున్న మోడ్‌లలోకి ఎక్కింది. లాంచర్‌లో బటన్ నొక్కి దించుకున్నవాళ్లకూ వచ్చింది. ఆ ఏడాదే క్రిస్మస్ రోజున స్లే ద స్పైర్ గేమ్‌కు చేసిన డౌన్‌ఫాల్ అనే మోడ్‌కు జరిగింది ఇంకా ఘోరం. దాన్ని చేసినవాళ్ల ఖాతాను చేజిక్కించుకున్న దొంగలు గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం ద్వారానే అప్‌డేట్ రూపంలో పాస్‌వర్డ్‌లు దోచే ప్రోగ్రామును పంపారు. ఆడేవాళ్లు ఏమీ చెయ్యలేదు, అప్‌డేట్ దానంతటదే దిగింది. నమ్మకమైన దుకాణం, ఆటోమేటిక్ అప్‌డేట్, రెండూ ఉన్నాయి. రెండూ కాపాడలేదు.

చేత్తో వేసినవాడు ఆ దొంగ మోడ్‌నే దించుకుని ఉంటే వాడికీ సోకేది, అది నిజమే. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. ఫ్రాక్చరైజర్ సోకిందో లేదో చూసుకోవడానికి నిపుణులు చెప్పిన గుర్తుల్లో ముఖ్యమైనది ఇది: విండోస్‌లో యాప్‌డేటా కింద లోకల్ ఫోల్డర్‌లో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అనే పేరుతో ఒక ఫోల్డర్ ఉందేమో చూడండి. అసలైన బ్రౌజర్ ఫోల్డర్ అలా ఉండదు, మైక్రోసాఫ్ట్ అనే ఫోల్డర్ లోపల ఎడ్జ్ అనే ఫోల్డర్ ఉంటుంది. రెండు పేర్లూ కలిసి ఒకే ఫోల్డర్‌గా కనిపించిందంటే అది దొంగది. మా ఎనిమిదో తరగతి పిల్లాడు దీన్ని ఒక్క చూపులో పట్టేస్తాడు, ఫోల్డర్ లోపల ఫోల్డర్ సంగతి వాడికి జెర్సీలు నేర్పాయి కదా. జీవితంలో ఎప్పుడూ బటన్ తప్ప ఏమీ నొక్కనివాడు యాప్‌డేటా అనే మాట దగ్గరే ఆగిపోతాడు.

ఒక్క క్లిక్కు అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఆ క్లిక్కు అందరికీ ఒకటి కాదు. గేమ్ మోడ్‌లకు ప్రపంచంలో పెద్ద భాండాగారం నెక్సస్ మోడ్స్, అది 2001 నుంచి ఉంది. అక్కడ వందల మోడ్‌లు కలిపి కట్టలుగా ఇస్తారు. నెలనెలా డబ్బు కట్టిన సభ్యుడికి ఆ కట్టంతా దానంతటదే దిగుతుంది. కట్టనివాడు ఒక్కో మోడ్‌కూ డౌన్‌లోడ్ బటన్ వెతికి నొక్కుకోవాలి, వేగం కూడా తక్కువ. అంటే సుఖం కొన్నవాడిదే. వాళ్ల సర్వర్ల ఖర్చు వాళ్లకుంటుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ సంగతి మింగేసి, చేత్తో వెయ్యడం పాతకాలపు పని అని జి.మాడుగుల పిల్లాడికి చెప్పడం అన్యాయం.

ఇంటర్నెట్టు మాటా అంతే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 జియో 4జీ టవర్లు ప్రారంభిస్తే అందులో 85 మా అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. అంతకుముందు మాకు ఎంత లేకపోయిందో ఆ లెక్కే చెబుతుంది. టవర్లొచ్చాక మండల కేంద్రంలో వీడియో కాల్ బాగానే కలుస్తోంది. లోపలి గూడేల్లో మాత్రం సిగ్నల్ కోసం గుట్టెక్కే పని ఇంకా పూర్తిగా పోలేదు. వానాకాలంలో కరెంటు పోతే సిగ్నల్ కూడా దాని వెంటే పోతుంది. మేనేజర్ అనేది ఎప్పుడూ తాడుతో కట్టి ఉంచినట్టు నెట్‌కు కట్టుబడి ఉంటుంది. లాగిన్ కావాలి, తన అప్‌డేట్ తాను దించుకోవాలి, తర్వాత మోడ్ దించాలి, మధ్యలో తెగితే మళ్లీ మొదలు. చేతి పద్ధతికి పెన్‌డ్రైవ్ చాలు. జిల్లా కేంద్రం పాడేరులో ఒకసారి దించుకున్న జిప్ పది ఇళ్లు తిరుగుతుంది.

అప్‌డేట్లు తెచ్చే తిప్పలు నెట్ బాగున్నవాళ్లకూ తప్పలేదు. 2024 ఏప్రిల్ 25న ఫాలౌట్ 4 గేమ్‌కు కంపెనీ పెద్ద అప్‌డేట్ వదిలింది. గేమ్ వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. దానంతటదే దిగిన ఆ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా పాత మోడ్‌లు ఎన్నో పనిచెయ్యడం మానేశాయి. ఏళ్ల తరబడి కష్టపడి లండన్ నగరాన్నే కట్టిన ఫాలౌట్ లండన్ మోడ్ బృందం ఆ నెలలోనే విడుదల పెట్టుకుని, దీనివల్ల వాయిదా వేసుకుని జులైలో ఇచ్చింది. ఆడాలనుకున్నవాళ్లలో చాలామంది గేమ్‌ను పాత వెర్షన్‌కు వెనక్కి తిప్పుకోవలసి వచ్చింది. తన గేమ్ ఏ వెర్షన్‌దో, ఏ ఫైలు మారిందో తెలిసినవాడికి అది ఒక సాయంత్రం పని.

మేనేజర్‌తో లాభమే లేదని నేను అనను. స్కైరిమ్ లాంటి గేమ్‌కు 200 మోడ్‌లు వేసేవాడు చేత్తో సర్దుకోలేడు, తీసెయ్యాల్సి వచ్చినప్పుడు ఏ ఫైలు ఎవరిదో గుర్తుండదు. మోడ్ ఆర్గనైజర్ లాంటివి గేమ్ ఫోల్డర్‌ను ముట్టుకోకుండానే మోడ్‌లు అక్కడున్నట్టు గేమ్‌ను నమ్మించగలవు, మంచి పనితనం అది. అయితే రెండు మోడ్‌లు ఒకే ఊరిని రెండు రకాలుగా మార్చితే ఏది నిలవాలో మేనేజర్ చెప్పదు. తగువు ఉందని మాత్రం చూపిస్తుంది. చివర లోడ్ అయినదే నెగ్గుతుందన్న సూత్రం తెలిసినవాడే ఆ తగువు తీర్చగలడు. అసలు పాత స్కైరిమ్‌లో ప్లగిన్‌ల సంఖ్య, అంటే మోడ్‌లు గేమ్‌కు తగిలించే ఫైళ్ల సంఖ్య, 255 దగ్గర ఎందుకు ఆగిపోతుంది? ఒక్కో ప్లగిన్‌కు గేమ్ ఇచ్చే వరుస సంఖ్య ఒకే ఒక బైట్. బైట్‌లో పట్టేవి 256 సంఖ్యలు, వాటిలో ఒకటి గేమ్ తన కోసం అట్టేపెట్టుకుంటుంది. తన 256వ ప్లగిన్ ఎందుకు పనిచెయ్యలేదో తెలుసుకోవాలనుకున్నవాడికి హెక్సాడెసిమల్ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు, వాడే వెతుక్కుంటాడు. చేత్తో పది మోడ్‌లు వేసినవాడి చేతిలో మేనేజర్ పనిముట్టు. మొదటి రోజే మేనేజర్ చేతికొచ్చినవాడు, అది మొరాయించిన రోజున ఎవరో ఒకరి సాయం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. మా దగ్గర కాఫీ పళ్ల తొక్కతీసే పల్పర్‌ను విప్పి బిగించడం వచ్చిన రైతుకూ, మెకానిక్ కోసం పాడేరు ఫోన్ చేసే రైతుకూ ఉన్న తేడాయే ఇది. పళ్లు కోసిన రోజే తొక్కతియ్యాలి, మెకానిక్ వచ్చేదాకా అవి ఆగవు.

పెద్దల వాదం వైపు తిరుగుతాను. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల భయం పేదరికంలోంచి వచ్చింది. కంప్యూటర్ పాడైతే మళ్లీ కొనలేరు. కానీ మోడ్ తప్పుగా వేస్తే చెడేది ఆ గేమ్. బ్యాకప్ ఉంటే నిమిషంలో బాగవుతుంది, లేకపోతే గేమ్ మళ్లీ వేసుకోవాలి. మదర్‌బోర్డు కాలదు, హార్డ్‌డిస్క్ చెడదు. మా దగ్గర కంప్యూటర్లను నిజంగా చంపేవి వేరే ఉన్నాయి: వోల్టేజీ ఎగుడుదిగుళ్లు, పిడుగులు, చెమ్మ, సీపీయూలో పేరుకున్న దుమ్ము, వాటన్నిటికంటే ఎక్కువగా వాడకుండా గుడ్డ కప్పి ఉంచడం. పిల్లల వేళ్ల వల్ల పోయిన కంప్యూటర్‌ను నేను చూడలేదు.

ఎంఎస్ ఆఫీస్ నేర్చుకుంటే ఉద్యోగమన్న మాట ఇంకా బాధ పెడుతుంది. నేర్చుకోవద్దని కాదు. ఆరు నెలల కోర్సులో ఏ మెనూలో ఏ బటన్ ఉందో బట్టీ పట్టిన పిల్లలకు, దాచిన ఫైలు ఎక్కడికి పోయిందో తెలియదు. వెర్షన్ మారి బటన్ జరిగితే మళ్లీ సున్నా. కొండపిల్లలకు ఈపాటి చాలన్న అంచనా ఆ కోర్సు వెనక దాగి ఉంది. నాకు నచ్చనిది ఆ అంచనా. 2023 డిసెంబర్ 21న మా పక్క మండలం చింతపల్లిలోనే అప్పటి ముఖ్యమంత్రి సభ పెట్టి రాష్ట్రమంతటా ఎనిమిదో తరగతి పిల్లలకు నాలుగు లక్షలకు పైగా ట్యాబులు పంచే కార్యక్రమం మొదలుపెట్టారు. పేద పిల్లల చేతికి యంత్రం రావడం మంచిదే, అనేక ఇళ్లల్లో అదే మొదటి తెర. కానీ ఆ ట్యాబులో పాఠాలు తప్ప వేరేవి పడకుండా తాళం వేసి ఇచ్చారు. తల్లిదండ్రులకు అది భరోసా, కాదనను. చూడటానికే తప్ప తెరవడానికి వీల్లేని యంత్రంతో పిల్లాడికి పాఠం వస్తుంది గానీ యంత్రం రాదు. ఆ పాఠాలు తయారు చేసిన బైజూస్ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి పోయింది. తాళం ఎవరి చేతిలో ఉందో, వాళ్లకేమైతే మన చేతిలోదానికి ఏమవుతుందో ఆలోచించడం పిల్లలకు అలవాటు కావాలంటే, తాళం లేని యంత్రం కనీసం ఒక్కటైనా వాళ్లకు దొరకాలి.

ఒక అభ్యంతరానికి నేను తలవంచుతాను. మన దగ్గర తిరిగే క్రికెట్ 07, వైస్ సిటీ కాపీల్లో చాలా వరకు కొన్నవి కావు. స్కూల్లో వాటిని పెట్టమని ఏ మాస్టారినీ అడగలేం, అడగకూడదు కూడా. కానీ దీనికి విరుగుడు ఉంది. లువాంటి అనేది పూర్తిగా ఉచితంగా, సోర్స్ కోడ్‌తో సహా దొరికే గేమ్ ఇంజిన్. ఫిన్లాండ్ కుర్రాడు పెర్ట్టు అహోలా 2010లో మొదలుపెట్టాడు. 2024 దాకా దాని పేరు మైన్‌టెస్ట్. మైన్‌క్రాఫ్ట్‌లాగా దిమ్మెలు పేర్చుకుంటూ లోకం కట్టుకోవచ్చు. పాత కంప్యూటర్లో నడుస్తుంది, ఆడటానికి నెట్ అక్కర్లేదు, కాపీ చేసి పదిమందికి పంచడం చట్టబద్ధం. పైగా అది మోడ్‌ల కోసమే పుట్టినట్టుంటుంది. మోడ్స్ అనే ఫోల్డరుంది, అందులో ఒక్కో మోడ్‌కు ఒక ఫోల్డర్, దాని లోపల మోడ్ పేరూ దానికి అవసరమైన వేరే మోడ్‌ల పేర్లూ రాసిన చిన్న ఫైలు, లువా భాషలో రాసిన కోడ్, బొమ్మలకు ఒక ఫోల్డర్, శబ్దాలకు ఒక ఫోల్డర్. ఏ ఒక్కటీ మూసిపెట్టినది కాదు. అవసరమైన మోడ్ లేకపోతే ఏది లేదో పేరుతో సహా చెబుతుంది. కోడ్‌లో తప్పుంటే ఏ ఫైల్లో ఎన్నో వరసలోనో చెబుతుంది.

అందులో నేల, చెట్టు, రాయి ఒక్కొక్కటీ 16 గడులు అడ్డం, 16 గడులు నిలువు ఉన్న చిన్న బొమ్మ. మొత్తం 256 గడులు. పెయింట్‌లో తెరిచి ఒక్కో గడికీ రంగు వెయ్యొచ్చు. పండిన కాఫీ కాయ ఎరుపు, సిల్వర్ ఓక్ బెరడు, మిరియాల తీగ, వలిసె పూల పసుపు. ఇవి తెచ్చి ఆ పేరుతోనే ఆ ఫోల్డర్‌లో పెడితే గేమ్‌లోని కొండ మా కొండవుతుంది. శబ్దాలూ అంతే. తలుపు తెరిచే శబ్దం ఓజీజీ రకం ఫైలు. దాన్ని పక్కన దాచి, అదే పేరుతో మన రికార్డింగు పెడితే తలుపు తెరిచినప్పుడల్లా అది వినిపిస్తుంది. శబ్దం తలుపు ఉన్న దిక్కు నుంచి రావాలంటే మోనోలో రికార్డు చెయ్యాలన్న మెలిక ఒకటుంది. స్టీరియోలో చేస్తే ఎటు తిరిగినా ఒకేలా వినిపిస్తుంది. ఎందుకో ఆలోచించే పిల్లలకు మన రెండు చెవులు దిక్కును ఎలా పట్టుకుంటాయన్నది అక్కడ మొదలవుతుంది.

ఆ తలుపు దగ్గర కువీ భాషలో ఒక అవ్వ ఎవరు వచ్చారని పలకరించవచ్చు. తుడుము వాయిద్యం మోగవచ్చు. 2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్రం కువీ, ఆదివాసీ ఒడియా, కొండ, సవర, కోయ లాంటి ఎనిమిది భాషల్లో చిన్న పిల్లల బడి పుస్తకాలు తెలుగు లిపిలో తెచ్చే పని తలపెట్టింది. ఇంటి భాష బడిలో వినిపిస్తే పిల్లలు నిలుస్తారన్న ఆలోచనతోనే. కంప్యూటర్‌లోకి మాత్రం ఆ ఆలోచన వచ్చినట్టు నాకు కనిపించలేదు. ఏ కంపెనీ తన గేమ్‌ను కువీలో చెయ్యదు, చెయ్యకపోవడానికి వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. ఏ మేనేజర్ జాబితాలోనూ కువీ మోడ్ ఉండదు, ఎందుకంటే ముందు ఎవరో ఒకరు తయారు చేస్తేనే జాబితాకు ఎక్కుతుంది. తయారు చెయ్యాలంటే ఫైళ్లు ఎక్కడుంటాయో తెలిసి ఉండాలి. బటన్ నొక్కేవాడికి జాబితాలో ఉన్నదే ప్రపంచం. మా పిల్లలకు కావలసింది ఆ జాబితాలో లేదు.

గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ అధికారులనూ ఆశ్రమ పాఠశాలల హెడ్మాస్టర్లనూ నేను అడిగేది డబ్బుతో కూడుకున్నది కాదు. గుడ్డ కప్పిన కంప్యూటర్లలో నడిచేవి ఎన్ని ఉంటే అన్నిటి మీదా గుడ్డ తియ్యండి. లువాంటి విండోస్‌కు జిప్ రూపంలో కూడా దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఏ ఫోల్డర్‌లో విప్పితే అక్కడే నడుస్తుంది. దాన్నీ, దాని మీద ఆడే ఒక ఆటనూ, పాతిక మోడ్‌లనూ ఒక పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇవ్వండి. మోడ్‌లను ముందే వేసి సిద్ధం చేసి మాత్రం ఇవ్వకండి. జిప్‌లుగానే ఇవ్వండి. వారంలో రెండు గంటలు చాలు, ఒక్కో కంప్యూటర్ దగ్గర ముగ్గురేసి కూర్చోనివ్వండి, అసలు ఫోల్డర్‌కు ఒక కాపీ తీసి వేరే డ్రైవ్‌లో పెట్టమని మొదటి రోజే చెప్పండి. గేమ్ తెరుచుకోకపోతే మాస్టారు పరుగెత్తుకెళ్లి బాగుచెయ్యకుండా, తెర మీద వచ్చిన తప్పు సందేశాన్ని పిల్లల చేత పైకి చదివించాలి.